నైట్ షిఫ్టు మనిషికి పగటి నిద్ర



హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద పటాన్‌చెరు వైపు వస్తుంటే సుల్తాన్‌పూర్ అని ఒక బోర్డు కనిపిస్తుంది. సంగారెడ్డి జిల్లా, అమీన్‌పూర్ మండలంలోని ఊరు అది. 2017లో తెలంగాణ ప్రభుత్వం అక్కడ వైద్య పరికరాల పార్కుకు శంకుస్థాపన చేసింది. గుండె రక్తనాళాల్లో అమర్చే స్టెంట్లు కూడా ఇప్పుడు ఆ గుట్టల మధ్య తయారవుతున్నాయి. ఒకప్పుడు స్టెంటు అంటే విదేశాల నుంచి దిగుమతి అయ్యే వస్తువనే అనుకునేవాళ్లం.

అట్లాంటి సరుకు తయారయ్యే గదిని క్లీన్‌రూమ్ అంటారు. గాలిలో ఎన్ని దుమ్ము రేణువులు ఉండవచ్చో దానికో లెక్క ఉంటుంది. వేడి కూడా సాధారణంగా 20 నుంచి 24 డిగ్రీల మధ్యనే ఉండాలి. తేమ పెరగకూడదు, తగ్గకూడదు. బయట మే నెల ఎండ 42 దాటినా లోపల ముల్లు కదలడానికి వీల్లేదు. అందుకని గోడలకీ పైకప్పుకీ పఫ్ ప్యానెళ్లు బిగిస్తారు. రెండు పల్చటి రేకులు, వాటి మధ్య పాలియురెథేన్ నురుగు. కోల్డ్ స్టోరేజీల గోడలూ అవే. మన ఇంట్లో ఫ్రిజ్ తలుపులో ఉన్నదీ ఆ నురుగే.

ఇట్లాంటి గదిలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పనిచేసే మనిషి ఉంటాడు. డ్యూటీ దిగి, చాయ్ తాగి, కిరాయి గదికి పోతాడు. ఈ పట్టీలో, అంటే పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం, బొల్లారం చుట్టుపక్కల, కార్మికుల కిరాయి గదులు చాలావరకు వరసగా కట్టినవే. ఇటుక గోడ, సిమెంటు ఫ్లోరు, పైన రేకులు. ఒడిశా నుంచి, బిహార్ నుంచి, జార్ఖండ్ నుంచి, మన శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి వచ్చినవాళ్లు ముగ్గురు నలుగురు కలిసి ఒక గది తీసుకుంటారు. షిఫ్టులు వేరైతే ఒకరు లేచిన చాప మీద ఇంకొకరు పడుకుంటారు. నైట్ షిఫ్టు దిగినవాడికి కన్ను మూతపడేది ఎనిమిదింటికి. అంటే అతనికి అర్ధరాత్రి అయ్యేసరికి గడియారంలో పన్నెండు గంటల పగలు. సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉంటాడు.

స్టెంటుకు 22 డిగ్రీలు, స్టెంటు తయారుచేసే మనిషి నిద్రకు 40 డిగ్రీలు. చల్లదనం గురించి మన దేశంలో జరిగే చర్చంతా ఏ ఏసీ కొనాలి, ఎన్ని స్టార్లు ఉండాలి, కరెంటు బిల్లు ఎంత వస్తుంది అన్నచోటే తిరుగుతుంది. నేను మాత్రం ముందు పైకప్పు గురించి మాట్లాడతాను. వేడిని లోపలికి రానిచ్చి, తర్వాత డబ్బు పోసి బయటికి తోడే పని ఎంత తక్కువ చేస్తే అంత మంచిది. ఈ సంగతి పటాన్‌చెరు ప్రాంతానికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసిన విద్యను మనుషుల మీద వాడకపోవడమే ఇక్కడి విచిత్రం.

ఎండాకాలం మధ్యాహ్నం మన దగ్గర చదరపు మీటరు నేల మీద సుమారు 900 వాట్ల ఎండ పడుతుంది. పది అడుగుల గది, అంటే పదికి పది, దాదాపు తొమ్మిది చదరపు మీటర్లు. ఆ రేకుల మీద పడేది ఎనిమిది కిలోవాట్లు. బకెట్లో నీళ్లు కాచుకునే రాడ్లు ఎనిమిది తెచ్చి గది నెత్తిన పెట్టినట్టు. అదంతా లోపలికి దిగదు, కొంత వెనక్కి పోతుంది, కొంత గాలి ఎగరేసుకుపోతుంది. పాతబడి, దుమ్ముపట్టి, నల్లబడిన రేకు అందులో ముప్పాతిక భాగం తాగేస్తుంది. దాని వేడి 60 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు గదిలో పడుకున్న మనిషికి గాలి వేడి ఒక ఎత్తు, తలపైన కాలిన పెనంలా ఉన్న రేకు నుంచి నేరుగా ఒంటి మీద పడే వేడి ఇంకో ఎత్తు. ఫ్యాను వేస్తే ఆ రెండోది తగ్గదు. పైగా గాలి మన చర్మం కన్నా వేడెక్కాక ఫ్యాను చేసేది వేడిగాలిని తెచ్చి మీద కొట్టడమే. ఒళ్లంతా చెమట ఉంటే కొంత మేలు. చెమట ఇంకిపోయినవాడికి అదీ లేదు.

కొత్త జింకు రేకు తళతళా మెరుస్తుంది కదా, అది ఎండను వెనక్కి కొట్టదా అని అడగవచ్చు. కొడుతుంది. అయితే మెరిసే లోహానికి ఒక లోపం ఉంది. తాగిన కాస్త వేడిని ఆకాశంలోకి వదిలిపెట్టడం దానికి చేతకాదు, పట్టుకుని కూర్చుంటుంది. తెల్ల సున్నం అట్లా కాదు. ఎండను వెనక్కి కొడుతుంది, తాగిన వేడినీ చప్పున వదిలేస్తుంది. ఈ రెండు గుణాలూ ఉంటేనే దాన్ని కూల్ రూఫ్ అంటారు. 2017 నాటి జాతీయ ఇంధన పొదుపు భవన నియమావళి కొలత కూడా అదే. పడిన ఎండలో కనీసం 60 శాతం వెనక్కి పోవాలి, వేడిని వదిలే గుణం 0.9కి తగ్గకూడదు.

స్లాబు ఇంటి కథ వేరు. కాంక్రీటు మందంగా ఉంటుంది కాబట్టి పగలు తాగిన వేడి మెల్లగా దిగి, సాయంత్రం ఆరు తర్వాత లోపలికి చేరుతుంది. రాత్రి తొమ్మిదికి డాబా ఇంట్లో గోడ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. అందుకే మనం బయట మంచాలు వేసుకునేవాళ్లం. రేకుకు ఈ ఆలస్యం లేదు. ఎండ తగిలిన పది నిమిషాల్లో కింద తెలుస్తుంది. పగలు పనికిపోయి రాత్రి వచ్చేవాడికి రేకుల గది భరించదగ్గదే. రాత్రి పనికిపోయి పగలు పడుకునేవాడికి అంతకన్నా చెడ్డ గది దొరకదు. వడగాలుల నివారణ ప్రణాళికల్లో మధ్యాహ్నం బయటికి పోవద్దు, నీడపట్టున ఉండండి అని రాస్తారు. ఈ మనిషి నీడపట్టునే ఉన్నాడు. ఆ నీడే అతన్ని కాలుస్తోంది.

మన పెద్దలకు ఇవేమీ తెలియవని కాదు. తెలంగాణ పల్లెల్లో మిద్దె ఇల్లు అంటే దూలాల మీద చెక్కలు పరిచి, పైన మూరెడు మందాన చౌడుమట్టి కొట్టినది. ఎండకూ వానకూ అదే కవచం. జొన్నలు నిల్వ చేసే పాతర కూడా ఇట్లాంటిదే. భూమిలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి, మట్టి కప్పేస్తే పైన ఎంత ఎండ కాసినా లోపల వేడి పెద్దగా మారదు. కలిగినవాళ్ల ఇళ్లలో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. అయితే ఇదంతా చెప్పి పాత రోజులకు వెళ్దాం అంటే నేను ఒప్పుకోను. మిద్దెకు ఏటా మట్టి తొక్కాలి, చెదలు చూసుకోవాలి, వానాకాలం కారుతుంది. ఆ చాకిరీ ఎవరు చేసేవారో అందరికీ తెలుసు. రేకు చవక, తేలిక, ఒక్కరోజులో పైకప్పు పడుతుంది. పేదవాడు రేకును ఎంచుకున్నది తెలివితక్కువతనంతో కాదు. 1946లో మొదలైన హైదరాబాద్ కంపెనీ తయారుచేసిన చార్మినార్ సిమెంటు రేకులు ఎన్ని లక్షల ఇళ్ల మీదికి ఎక్కాయో మనం చూశాం. గడ్డి కప్పుకు అగ్గి భయం, పెంకుకు కోతుల భయం. రేకు వచ్చాక ఆ రెండూ పోయాయి. ఎండ ఒక్కటే మిగిలింది.

ఆ ఎండను ఆపడం మీద హైదరాబాద్‌లో మంచి పరిశోధనే జరిగింది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవారూ, మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీవారూ కలిసి హైదరాబాద్ ప్రాంతంలో ఏసీ ఉన్న భవనాల పైకప్పులకు తెల్లరంగు వేసి కరెంటు కొలిచారు. 2012లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నల్లటి పైకప్పును తెల్లగా మారిస్తే చల్లదనానికి అయ్యే కరెంటు 14 నుంచి 26 శాతం తగ్గింది. మామూలు కాంక్రీటు కప్పుకు తెలుపు వేస్తే 10 నుంచి 19 శాతం. వేసవిలో మాత్రమే కాదు, ఏడాది మొత్తం మీద లెక్క ఇది.

ఏసీ లేని ఇంట్లో కరెంటు పొదుపు అనే మాటకు అర్థం లేదు, అక్కడ చూడాల్సింది గది వేడి. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల మీద తెల్లటి ప్లాస్టిక్ పొర ఒకటి పరిచి చూశారు. అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, ట్రిపుల్ ఐటీ, ఎన్‌ఆర్‌డీసీ అనే పర్యావరణ సంస్థ కలిసి చేసిన పని అది. పొర ఉన్న ఇళ్లలో గాలి వేడి సగటున 2 డిగ్రీలు తక్కువగా ఉంది. రెండు డిగ్రీలేనా అని పెదవి విరిచేవాళ్లుంటారు. 41 డిగ్రీల గదిని 39 చేస్తే అది చల్లటి గది అయిపోదు, నిజమే. కానీ గాలి వేడి రెండు డిగ్రీలు తగ్గిందంటే తలపైన కప్పు వేడి అంతకన్నా చాలా ఎక్కువ తగ్గి ఉంటుంది. ఇందాక చెప్పిన ఆ పెనం సెగ తగ్గడమే పడుకున్నవాడికి ముఖ్యం.

ఈ అనుభవాల మీదే 2023 ఏప్రిల్ 3న తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. దేశంలో ఒక రాష్ట్రం ఇట్లాంటి విధానం తేవడం అదే మొదలు. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పు చల్లబడాలి, అందులో 200 హైదరాబాద్‌లో, 100 మిగతా రాష్ట్రంలో. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు స్థలం ఎంతైనా తప్పనిసరి. నివాస భవనాలకైతే 600 గజాలు, ఆపైన స్థలం ఉంటే తప్పనిసరి. అంతకు తక్కువైతే యజమాని ఇష్టం.

నాకు ఆ 600 గజాల గీత దగ్గరే పేచీ. నూరు గజాల్లో వరసగా ఆరు గదులు వేసి కిరాయికిచ్చే ఓనరు ఈ గీతకు ఎంతో కింద ఉంటాడు. పైగా ఇట్లాంటి నియమం పనిచేసేది భవన నిర్మాణ అనుమతి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అనే కాగితాల మీద. ఎన్నడో వేసిన రేకుల గదికి ఏ కాగితమూ అడిగేవాడు లేడు. ఇష్టమున్నవాడు వేసుకోవచ్చు కదా అంటారా, ఎవరి ఇష్టం? రంగు ఖర్చు ఓనరుది, చల్లదనం కిరాయిదారుది. కిరాయిదారు ఆరునెలల్లో పని మారి వెళ్లిపోతాడు, తనది కాని కప్పుకు సొంత డబ్బుతో సున్నం కొట్టించడు. ఓనరు ఆ గదిలో పడుకోడు. ఇద్దరూ తమ తమ లెక్కలో తప్పు చేయడం లేదు. రేకు మాత్రం అట్లాగే కాలుతూ ఉంటుంది.

పనిచేసే చోటికైతే చట్టం ఏనాడో మాట్లాడింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్, గోడలూ పైకప్పూ వేడిని వీలైనంత తక్కువగా ఉంచే పదార్థంతో, అట్లాంటి తీరులో కట్టాలని రాసింది. పనిచేసే ఎనిమిది గంటలకు ఆ మాట పడింది. ఆ ఎనిమిది గంటలకు మనిషిని మళ్లీ తయారుచేసే నిద్రకు ఆ చట్టం ఏ సెక్షనూ పెట్టలేదు.

ఇప్పుడు పఫ్ ప్యానెల్ సంగతికి వద్దాం, ఎందుకంటే మొత్తం కథలో ఎక్కువమందికి తెలియని మలుపు అక్కడుంది.

సుల్తాన్‌పూర్‌కు కాస్త దూరంలో, పటాన్‌చెరులో, 1972లో మొదలైన ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ. అక్కడి జీన్ బ్యాంకులో 140కి పైగా దేశాల నుంచి తెచ్చిన లక్షా పాతికవేలకు పైచిలుకు విత్తన రకాలున్నాయి. కొన్ని గదులు 4 డిగ్రీల్లో, ఎక్కువ కాలం దాచే గదులు సున్నాకు దిగువన 20 డిగ్రీల్లో. విత్తనశాస్త్రంలో హారింగ్టన్ అనే ఆయన పేరు మీద ఒక ఉజ్జాయింపు సూత్రం ఉంది. నిల్వ వేడి ఐదారు డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ విత్తనం ఆయుష్షు రెట్టింపవుతుందని. ఎప్పుడో ఆఫ్రికా పల్లెలో ఏరిన సజ్జ గింజ పటాన్‌చెరు ఎండల్లో ప్రాణంతో ఉందంటే కంప్రెసర్ ఒక్కటే కారణం కాదు. గోడలోని వేడినిరోధక పొర లేకపోతే కంప్రెసర్ ఎంత తిరిగినా గెలవదు.

ఆ పొర బలం ఎంతో ఒక లెక్క చెబుతాను. రెండంగుళాల పాలియురెథేన్ నురుగు ఆపే వేడిని కాంక్రీటుతో ఆపాలంటే గోడ పది అడుగుల పైన మందం ఉండాలి. ఇంత శక్తి నురుగులోని ప్లాస్టిక్‌ది కాదు, బుడగల్లో చిక్కుకున్న వాయువుది. ఆ వాయువు ఏది అన్నదే ప్రపంచాన్ని ముప్పై నలభై ఏళ్లు తిప్పలు పెట్టింది. మొదట్లో సీఎఫ్‌సీ-11 వాడారు. అది పైకి పోయి ఓజోన్ పొరను తింటోందని తేలాక 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. భారత్ 1992లో చేరింది. ఓజోన్‌ను తిన్నది ఎక్కువగా ధనిక దేశాలు, మానుకోమంటున్నది అందరినీ. అందుకే 1990లో లండన్‌లో ఒప్పందాన్ని సవరించి, పేద దేశాల ఫ్యాక్టరీలు యంత్రాలు మార్చుకోవడానికి ఒక ఉమ్మడి నిధి పెట్టారు. పర్యావరణ ఒప్పందాల్లో మాటకు డబ్బు తోడైన అరుదైన సందర్భం అది. ఈ ఒప్పందం పనిచేయడానికి సగం కారణం అదేనని నా అభిప్రాయం.

సీఎఫ్‌సీ పోయాక నురుగు పరిశ్రమ హెచ్‌సీఎఫ్‌సీ-141బి అనే దానికి మారింది. ఓజోన్‌కు దాని నష్టం పాతదానిలో తొమ్మిదో వంతు, కానీ నష్టం నష్టమే. 2020 జనవరి 1 నుంచి మన దేశం దాని దిగుమతిని ఆపేసింది. వర్ధమాన దేశాలకు ఇచ్చిన గడువు కన్నా ఇది ముందే. ఇప్పుడు నురుగు పోసేవాళ్ల ముందు మూడు నాలుగు దార్లున్నాయి. సైక్లోపెంటేన్ ఓజోన్‌కు హాని చేయదు, భూమిని వేడెక్కించే గుణం చాలా స్వల్పం. కానీ పెట్రోలులా అంటుకుంటుంది. హెచ్‌ఎఫ్‌ఓలు అనే కొత్త తరం రసాయనాలు అంత తేలిగ్గా అంటుకోవు, కానీ ధర ఎక్కువ. నీళ్లతో బొగ్గుపులుసు వాయువును పుట్టించి నురుగు పొంగించే పద్ధతి అన్నిటికన్నా చవక, కాకపోతే ఆ నురుగు వేడిని ఆపడంలో కాస్త వెనకబడుతుంది.

పెద్ద ఫ్రిజ్ కంపెనీ అయితే సైక్లోపెంటేన్‌కు కావాల్సిన గ్యాస్ సెన్సర్లు, నిప్పురవ్వ పుట్టని మోటార్లు, వేరే ట్యాంకులు అన్నీ పెట్టుకోగలదు. పదిమంది పనివాళ్లతో షెడ్డులో ప్యానెళ్లు పోసే చిన్న యూనిట్‌కు అది తలకు మించిన ఖర్చు. ఈ ప్రాంతంలో అంటుకుంటుందన్న మాట తేలిగ్గా తీసుకోగలిగింది కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కర్మాగారం పేలి 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఆ ప్రమాదానికీ నురుగు వాయువులకూ సంబంధం లేదు. కానీ వాతావరణానికి మంచిదని అంటుకునే పదార్థాన్ని చిన్న షెడ్లలోకి పంపేముందు దాని జాగ్రత్తకయ్యే డబ్బు ఎవరు పెడతారో తేల్చాలి. లేకపోతే భూమికి మేలు, పనివాడికి కీడు అవుతుంది. ప్యానెల్ బిగించాక కూడా పాలియురెథేన్ మంటల్లో విషపు పొగ వదులుతుంది. మనుషులు ఉండే చోట రాతి ఊలు, అంటే రాక్‌వూల్, కాలదు కాబట్టి మేలు. వేడిని ఆపడంలో నురుగు కన్నా కాస్త వెనకే, అయినా మేలు.

ఏసీ యంత్రంలోని గ్యాస్ సంగతి కూడా ముట్టుకోక తప్పదు. ఏసీ మెకానిక్కులు గ్యాస్ ఛార్జింగ్ అంటారే, అదే. ఓజోన్‌ను కాపాడటానికి తెచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు అనే వాయువులు భూతాపాన్ని పెంచుతాయని తర్వాత గట్టిగా లెక్కతేలింది. ఆర్-410ఏ అనే గ్యాస్ కిలో బయటికి పోతే రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు వదిలినట్టు. ఇప్పుడు కొత్త ఏసీల్లో ఎక్కువగా వస్తున్న ఆర్-32 అయితే 675 కిలోలు. ఆర్-290 అంటే శుద్ధి చేసిన ప్రొపేన్. కిలోకు మూడు కిలోల లోపే. మన దేశంలోనే పదేళ్ల పైనుంచీ ప్రొపేన్ ఏసీలు తయారవుతున్నాయి. 2016 అక్టోబర్‌లో రువాండా రాజధాని కిగాలీలో హెచ్‌ఎఫ్‌సీలను తగ్గించాలని ఒప్పుకున్నారు. భారత్ 2021లో ఆమోదించింది. మనకు 2028లో వాడకం గడ్డకట్టాలి, అంటే అక్కడి నుంచి పెరగకూడదు. 2032లో పది శాతం కోత, 2047 నాటికి 85 శాతం కోత.

ఒప్పందాలు కిగాలీలో రాసుకున్నా, గ్యాస్ బయటికి పోయేది ఇస్నాపూర్‌లో ఏదో మేడ మీద. పైపు విప్పి ఉన్న గ్యాస్‌ను గాల్లోకి వదిలేసి కొత్తది నింపడం మన దగ్గర మామూలు. పాతదాన్ని సిలిండర్లోకి పట్టుకునే యంత్రం ఉంటుంది. చిన్న మెకానిక్కు అది కొనలేడు, కొన్నా ఆ అరగంట పనికి కస్టమరు పైసా ఇవ్వడు. 2019 మార్చిలో వచ్చిన జాతీయ కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్షమంది మెకానిక్కులకు శిక్షణ ఇస్తామంది. శిక్షణ మంచిదే. ఆ గ్యాస్ కొనేవాడు ఒకడుంటే శిక్షణ లేకపోయినా పట్టుకుంటారు. పాత ఇనుము ఏరుకునేవాడికి ఎవరు శిక్షణ ఇచ్చారు?

ఆ ప్లాన్ ప్రకారమే అప్పటికి దేశంలో ఏసీ ఉన్న ఇళ్లు వందకు ఎనిమిది. మిగతా తొంభై రెండు ఇళ్లకూ ఏసీ ఇచ్చి చల్లబరుద్దామంటే కరెంటు చాలదు, పట్టణాల గాలి ఇంకా వేడెక్కుతుంది. ఏసీ వద్దని ఎవరికీ చెప్పే హక్కు నాకు లేదు, ముఖ్యంగా చల్లటి స్టూడియోలో కూర్చుని మాట్లాడుతున్నప్పుడు. కానీ మన పొడి ఎండాకాలానికి కూలర్ అన్నది నిజంగా మంచి యంత్రం. 40 డిగ్రీల ఎండ, గాలిలో తేమ పాతిక శాతం ఉన్నప్పుడు తడి గడ్డి గుండా వచ్చే గాలి 27, 28 డిగ్రీలకు దిగుతుంది. అందులో వాయువులూ లేవు, కంప్రెసరూ లేదు. జూన్‌లో తేమ పెరిగాక మాత్రం చేతులెత్తేస్తుంది. నీళ్లు కూడా కావాలి, ట్యాంకరు కొనుక్కునే బస్తీలో అది చిన్న విషయం కాదు. ఎండ కింద కాలే రేకు ఉన్నంతసేపు కూలరైనా ఏసీ అయినా సగం పని ఆ రేకుతో పోట్లాడటానికే పోతుంది.

ఇదే జిల్లాలోని కొల్లూరులో 2023 జూన్ 22న 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ప్రారంభించారు. అంతస్తుల మీద అంతస్తులు. అక్కడ కూల్ రూఫ్ పాలసీ ఎంత బాగా అమలైనా తెల్లరంగు మేలు పొందేది చివరి అంతస్తువాళ్లు మాత్రమే. మిగతావాళ్లకు ఎండ వచ్చే దారి పడమటి గోడ, కిటికీ. అందుకే నివాస భవనాలకు 2018లో కేంద్రం ఎకో నివాస్ సంహిత అని వేరే నియమావళి తెచ్చి, గోడలు కిటికీల గుండా ఎంత వేడి రావచ్చో హద్దు గీసింది. కిటికీ మీద రెండడుగుల సజ్జా, పడమటి వైపు ఒక పందిరి తీగ, గోడకు లేతరంగు. ఇంజనీరింగ్ కాలేజీ అక్కర్లేని విద్య ఇది. పెద్ద కాలనీలు కట్టేటప్పుడు మొదట కోసేసేది ఆ సజ్జానే, సిమెంటు కలిసొస్తుందని.

తెలంగాణ పాలసీ గడువు 2028. హెచ్‌ఎఫ్‌సీలు గడ్డకట్టాల్సిన ఏడూ అదే. ఆ తర్వాత వచ్చే రెండో పాలసీని గజాలతో మొదలుపెట్టవద్దని నా కోరిక. రేకుతో మొదలుపెట్టాలి. పారిశ్రామిక వాడల్లో కిరాయి గదుల రేకులకు మున్సిపాలిటీయే ఏటా ఎండాకాలానికి ముందు తెలుపు వేయించవచ్చు, దోమల మందు కొట్టించినట్టు. ఓనరు దయ కోసం, కిరాయిదారు జేబు కోసం చూడనక్కర్లేదు. పఫ్ ప్యానెళ్ల ఫ్యాక్టరీల్లో అంచులు కోసేయగా మిగిలే ముక్కలతో కార్మికుల గదులకు ఏమైనా చేయవచ్చా అని కొందరు అడుగుతారు. అగ్గి భయం వల్ల నేనైతే ఆ సలహా ఇవ్వను. థర్మాకోల్ షీట్లు కింద అతికించే అలవాటుకూ ఇదే మాట. కింద స్టవ్ ఉన్న గదిలో పైన అంటుకునే కప్పు ఉండకూడదు.

అప్పటిదాకా ఆగలేనివాళ్లకు నాలుగు మాటలు. సున్నం పని ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో పెట్టుకోండి, పొద్దున్నే. ఏప్రిల్లో రేకు మీద చెయ్యి పెట్టలేరు. రాతి సున్నం నానబెట్టేటప్పుడు ఉడుకుతుంది, పిల్లల్ని దూరంగా ఉంచి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. రాత్రంతా నాననిచ్చి, వడగట్టి, పట్టు కోసం కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయండి. ఒక వానాకాలానికి చాలావరకు కడిగిపోతుంది, వచ్చే ఏడాది మళ్లీ వేయాల్సిందే. కంపెనీల కూల్ రూఫ్ పెయింట్లు కొన్నేళ్లు నిలుస్తాయి, కానీ డబ్బా మీద రాసిన అంకె కొత్తగా వేసిన రోజుది. ఫ్యాక్టరీల దుమ్ము పడే మన దగ్గర ఏడాదిలోనే తెలుపు మాసిపోతుంది, కనీసం ఎండాకాలం మొదట్లో ఒకసారి కడగాలి.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది. సిమెంటు రేకు మనిషి బరువు మోయదు. దాని మీద నేరుగా అడుగు పెట్టి, విరిగి కింద పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. దూలాల మీదికి వచ్చేట్టు పలక వేసి దాని మీద నిలబడండి, ఒక మనిషి కింద నిచ్చెన పట్టుకుని ఉండాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, నాచు పోవడానికి ఇనుప బ్రష్షుతో పొడిగా గీకవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. నీళ్లతో బాగా తడిపి, మెత్తటి చీపురుతో తోసి, అదే తడి మీద మొదటి పూత వేసేయండి.